సవరణ కింద సంతకం

జెర్సీ సిటీ,
ఫిబ్రవరి 9

ప్రియమైన లీలా పిన్నీ,

ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చు. కానీ మొదలుపెట్టగానే నువ్వు "నీ తప్పేముందే" అంటావు, నేను అక్కడితో ఆపేస్తాను. అందుకే రాస్తున్నాను. పూర్తిగా చదివాకే ఫోన్ చెయ్యి.

అక్టోబర్‌లో ఆఫీస్ పని మీద వెళ్లిన దేశం పేరు ఇప్పుడు కూడా రాయను. అక్కడ ఇంట్లో నలుగురు కూడి ప్రార్థన చేస్తే జైలు. ప్రభుత్వం ఒప్పుకున్న మందిరాల్లోనే చేసుకోవాలి. అలాంటి చోట్లకి వెళ్లి, మనుషులు తమ మతం ప్రకారం బతకగలుగుతున్నారో లేదో చూసి రిపోర్ట్ రాయడమే మా సంస్థ పని. మొత్తం నలుగురం వెళ్లాం, ముగ్గురు మగవాళ్లు, నేను. మాటలు అనువదించడానికి ప్రభుత్వమే ఒకావిడని ఇచ్చింది. మరియం అనుకో. నా ఈడుదే.

ఒక క్రైస్తవ మందిరానికి తీసుకెళ్లారు. అరవై మంది కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. నాకూ ముచ్చటేసింది. తర్వాత నేను బాత్‌రూమ్‌కి వెళ్తే మరియం వెనకే వచ్చి, కుళాయి మొత్తం తిప్పేసి, ఆ చప్పుడులో చెప్పింది. వాళ్లంతా మున్సిపాలిటీ ఉద్యోగులట. అయిపోయాక వెనక గదిలో అటెండెన్స్ తీసుకుంటారట. అసలు పాస్టర్ రెండేళ్లుగా జైల్లో ఉన్నాడట. "ఇది రాయండి. నా పేరు మాత్రం వద్దు" అంది.

పేరు రాయలేదు పిన్నీ. కానీ కుళాయి రాశాను. ఆడవాళ్ల బాత్‌రూమ్ రాశాను, నీళ్ల చప్పుడు రాశాను. అవి లేకపోతే పేరా చప్పగా ఉందనిపించింది. మా డైరెక్టర్ దివాకర్ గారు మీటింగ్‌లో ఆ పేరా పైకి చదివి మెచ్చుకుంటే పొంగిపోయాను. ఆ బాత్‌రూమ్‌లో నాతో ఉండగలిగింది ఒకే ఒక్క మనిషని ఆఫీస్‌లో ఎవరికీ తట్టలేదు. తట్టాల్సింది నాకు.

రిపోర్ట్ బయటికొచ్చిన పదకొండో రోజు ఆమెను అరెస్ట్ చేశారు.

పోయిన వారం ఆ దేశపు ఎంబసీ నుంచి దివాకర్ గారికి కబురొచ్చింది. ఆ పేరాలో ఉన్న సమాచారం నిజం కాదు, వెనక్కి తీసుకుంటున్నాం అని సవరణ ఇస్తే ఆమెను ఇంటికి పంపించేస్తారట. రాసింది నేను కాబట్టి సంతకం కూడా నాదే ఉండాలన్నారు. నిన్న చేశాను. ఆమెకి ఆరేళ్ల కూతురుంది, అందుకే చేశానని అందరికీ చెబుతున్నాను. అది నిజమే. కానీ పెన్ను తీసుకున్నప్పుడు ఇంకో ఆలోచన కూడా వచ్చింది. ఆమె ఇంటికొచ్చేస్తే నేను చేసిన పని ఇంకెవరికీ గుర్తుండదు కదా అని. ఈ సంగతి నీకొక్కదానికే చెబుతున్నాను.

నీ
రాగిణి


జెర్సీ సిటీ,
జూన్ 2

పిన్నీ,

నువ్వు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. ఏమీ అనుకోకు.

మరియంని వదల్లేదు. నా సవరణను అక్కడ టీవీలో చదివారు. మా దేశంలో అందరికీ స్వేచ్ఛ ఉందని అమెరికా నుంచి వచ్చినవాళ్లే ఒప్పుకున్నారని చెప్పుకున్నారు. తర్వాత అదే కాగితం కోర్టులో పెట్టారు. ఆమె చెప్పింది అబద్ధమని విన్నవాళ్లే రాసిచ్చారు కాబట్టి, దేశం మీద నింద వేసిందని నాలుగేళ్ల జైలు శిక్ష వేశారు.

మరియం వాళ్లక్క ఇక్కడే, అమెరికాలోనే, బాతెల్‌లో ఉంటుంది. ఏడేళ్ల క్రితం ప్రాణభయంతో ఇక్కడికి వచ్చిందట. నా నంబర్ ఎలాగో సంపాదించి ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"మీరు రాసినప్పుడు నా చెల్లెలికి సాక్షి. సవరించాక వాళ్లకి సాక్షి అయ్యారు" అంది. తర్వాత, అప్పీల్‌కి ఏమైనా రాసివ్వగలరా అని అడిగింది.

దివాకర్ గారి దగ్గరికెళ్లి సవరణ అబద్ధమని చెప్పేద్దామన్నాను. ఆయన లేచి తలుపు వేశారు. అలా చేస్తే ఆ దేశం మనకి మళ్లీ వీసాలివ్వదని, మిగతా ఖైదీల గురించి అడిగే నాథుడే ఉండడని నచ్చజెప్పారు. ఆయన చెడ్డమనిషి కాదు. నాతో సంతకం పెట్టించిన రోజు ఆయనా అన్నం తినలేదు. అయినా ఈసారి ఆయన మాట వినలేదు. లాయర్ దగ్గరికి వెళ్లి అఫిడవిట్ రాశాను. మొదట రాసిందే నిజం, సవరణ అబద్ధం, అబద్ధమని తెలిసే సంతకం చేశాను అని. ఒక కాపీ వాళ్లక్కకి పంపి, ఒకటి దివాకర్ గారి టేబుల్ మీద పెట్టాను. సాయంత్రానికి ఉద్యోగం పోయింది. హెచ్-వన్-బి వీసా సంగతి నీకు తెలుసుగా, అరవై రోజుల్లో ఇంకో జాబ్ దొరక్కపోతే వెళ్లిపోవాలి. అందులో ఇంకా పందొమ్మిది మిగిలాయి. ఫ్రీమాంట్‌లో నీ దగ్గరికి వచ్చేయమన్న మెసేజ్ చూశాను. వస్తాను. ఓదార్చనని మాటిస్తేనే.

నిన్న అప్పీల్ తీర్పు వచ్చింది. వాళ్లక్క ఫోన్ చేసి, ఒక్కో వాక్యం ఇంగ్లీష్‌లోకి మార్చి చదివింది. రెండు కాగితాల మీద ఒకే సంతకం ఉంది, ఒకదానికొకటి పొసగడం లేదు, అవసరాన్ని బట్టి మాట మార్చే సాక్షిని ఈ కోర్టు నమ్మలేదు అన్నాడట జడ్జి. శిక్ష అలాగే ఉంచాడు. చదవడం అయ్యాక ఆవిడ "మీరు ప్రయత్నించారు" అని ఫోన్ పెట్టేసింది.

నిన్నటి నుంచి ఆ తీర్పులో తప్పు వెతుకుతున్నాను పిన్నీ. ఆ ప్రభుత్వం మాకు చూపించిందీ చెప్పిందీ అంతా అబద్ధమే. నా గురించి అన్న ఆ ఒక్క మాట తప్ప.

నీ
రాగిణి