వీడియో రావట్లేదని రాశాను

ధర్మవరంలో ఉన్న పద్మజక్కకు,

చెల్లెలు మంజుల నమస్కారాలతో రాస్తున్నది. ఒంట్లో నాకు బాగానే ఉంది. నువ్వు, బావ, పిల్లలు క్షేమమేనా అని అడగడానికి ఈ వారం నోరు రావడం లేదు. అయినా అడుగుతున్నాను.

కాగితం మీద రాసి ఫోటో తీసి నువ్వు పంపిన జాబు నిన్న అందింది. లాప్‌టాప్‌లో పెద్దది చేసి చదివాను. రెండో పేజీలో సిరా చెదిరిన చోట నువ్వు ఏడ్చావని తెలిసింది. నేనూ కాగితం మీదే రాసి ఫోటో పంపుతున్నాను. ఫోన్ చేస్తే నీ గొంతు విని మళ్ళీ అబద్ధం చెబుతానేమోనని భయం.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. తిండికి ఇబ్బంది లేదు. రొట్టెలు పెద్దవి, కారం ఉండదు. నువ్వు కట్టిచ్చిన చెనిక్కాయల పొడి మొన్నటితో అయిపోయింది. మా బృందం చీరల డిజైన్లు చూపించడానికి వచ్చిన ఈ పరాయి దేశపు ఊరు మర్గిలాన్‌లో వీధి వీధికీ పట్టు నేస్తారు. రంగులద్దే ఆడవాళ్ళ గోళ్ళలో నీలం మరకలు మన వీధిలో లాగే ఉన్నాయి. మన చీరల డిజైన్లు లాప్‌టాప్‌లో చూపిస్తే చుట్టూ చేరారు. ఎవరు నేశారని అడిగితే, మా తమ్ముడు వేణుగోపాల్ అని వాని ఫోటో చూపించాను. ఎంత గొప్పగా చూపించానో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యంగా ఉంది.

నెట్ సంగతి అడిగావు. "లాప్‌టాప్ ఉండాది, హోటల్లో నెట్ ఉండాది అని నువ్వే చెప్తివి కదా, ఆ పొద్దు మాత్రం ఎందుకు లేకపాయ?" అని.

వచ్చిన కొత్తలో కష్టమే అయింది. లాప్‌టాప్ ప్లగ్గు ఇక్కడి గోడకు దూరలేదు, బజారులో అడాప్టర్ కొన్నాను. సిమ్ తీసుకుంటే మన ఫోన్‌ను ఏదో ఆఫీసులో నమోదు చేయించాలన్నారు, అది కుదరలేదు. మెయిల్ తెరవబోతే ఓటీపీ మన ఇండియా నంబరుకు పోతుంది, ఆ నంబరు ఇక్కడ పనిచేయదు. చివరికి హోటల్ కింది హాల్లో వైఫై ఒక్కటే దిక్కయింది. పైన గదిలోకి అది అందదు. వేణుకు మామూలు ఫోన్ ఎందుకు పనికొస్తుంది? వినబడదు, మాట రాదు. వాడు నా చేతులు చూడాలి, నేను వాని చేతులు చూడాలి. అందుకే రోజూ నాలుగున్నరకు లాప్‌టాప్ పట్టుకొని ఆ హాల్లో కూర్చునేదాన్ని. మొదటి వారంలో రెండుసార్లు నిజంగానే బొమ్మ ఆగిపోయింది. అప్పుడు "వీడియో రావట్లేదు. రేపు" అని టైప్ చేసి పంపాను. మూడో తరగతి దాకా చదివాడు కదా, ఆ మాత్రం చదువుకున్నాడు.

వేణును మట్టి చేసేటప్పుడు ఏమైనా కనిపించిందా అని కూడా అడిగావు. "శవాన్ని రెండు దినాలు పెట్టుకోలేం మంజులా. నేను ఫోన్లో చూపిస్తా, చూడు" అన్నాడు బావ. ఆ సోమవారం పొద్దున హోటల్లో నెట్ నిజంగా పోయింది. లాప్‌టాప్ చంకన పెట్టుకొని బజారంతా పరుగెత్తాను. ఒక టీ అంగట్లో తలకు రుమాలు కట్టుకున్న పెద్దామె ఉంది. భాష తెలియదు. తెర చూపించి ఏడ్చాను. ఆమే పాస్‌వర్డ్ కొట్టిచ్చింది. తెర మీద పాడె కనిపించగానే అంగట్లో మోగుతున్న టీవీ ఆపేసి, నా పక్కన నిలబడింది. చార్జింగ్ లేదు, అడాప్టర్ గదిలో ఉండిపోయింది. నాలుగు నిమిషాలు చూశాను. వాణ్ణి గుంత దగ్గర దించుతుండగా పక్కింటి మల్లన్న వీపు అడ్డం వచ్చింది. అంతలో తెర ఆరిపోయింది. వాని ముఖం చూడలేదక్కా.

ఇప్పుడు నీ చివరి పేజీ గురించి. "నేను పెనుకొండకు పెండ్లికి పోకుంటే వేణు బతికుండే. వాడు మగ్గం పక్కన పడింటే నేను ఆడ బూరెలు తింటాంటి" అని రాశావు. మీ అత్త నలుగురిలో "మూగోన్ని ఒక్కన్నే ఇడిసిపెట్టి పోతారా ఎవరైనా?" అనిందనీ, ఆ పొద్దు నుంచి నీకు అన్నం దిగడం లేదనీ రాశావు. అది చదివాక ఇక దాచలేను.

ఆదివారం నెట్ పోలేదు.

మధ్యాహ్నం మా బృందమంతా ఆ హాల్లోనే ఉంది. ఢిల్లీ నుంచి వచ్చిన ఒక పెద్ద డిజైనరు, ఇంకో ఇద్దరు కొనుగోలుదార్లు నా లాప్‌టాప్ ముందు కూర్చొని అంచుల డిజైన్లు చూస్తున్నారు. అప్పుడు వేణు కాల్ వచ్చింది. వాడెప్పుడూ నాలుగున్నరకు ముందు చేయడు. ఆ రోజు మూడు కూడా కాలేదు. ఏదో పొరపాటున నొక్కి ఉంటాడనుకొని ఎత్తాను. వాని గొంతు హాలంతా వినబడింది. నీకు తెలుసు కదా, గాబరా పడితే వాడు ఎలా అరుస్తాడో. అందరూ తిరిగి చూశారు. "ఎవరమ్మా అది, ఏమా అరుపు?" అన్నారు ఎవరో. నాకు సిగ్గేసింది. వాళ్ళందరి ముందర చేతులు తిప్పుతూ వానితో మాట్లాడటానికి సిగ్గేసింది అక్కా. గబుక్కున సౌండు తీసేసి, కెమెరా ఆపేశాను.

వానికి నేను కనిపించలేదు. నాకు వాడు కనిపిస్తూనే ఉన్నాడు. చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. గుండె మీద రెండుసార్లు తడితే "నువ్వు లేక బాగలేదు" అని కదా మన ఇంట్లో. అదే అంటున్నాడనుకున్నాను. కానీ వాడు తట్టలేదు. పిడికిలితో అదిమి పట్టుకున్నాడు. అది కూడా చూశాను. ముఖమంతా చెమట. ఇదేందో వేరేగా ఉందని ఒక క్షణం అనిపించింది కూడా. ఢిల్లీ ఆమె "తరువాతది చూపించండి" అంది. నేను "వీడియో రావట్లేదు. రేపు" అని టైప్ చేశాను.

వాడు తెర దగ్గరికి వంగి చదువుకున్నాడు. నమ్మాడు. సరే అన్నట్టు మెల్లగా తలూపి, కట్ చేశాడు.

మల్లన్న నీతో ఏమన్నాడో రాశావు. "కిటికీలో నుంచి చూసినా. ఫోన్ ముందర కూచోని చేతులు ఆడిస్తాండాడు. మంజులతో మాట్లాడుతాండాడులే అని పోయినా" అన్నాడని. నా మీద నమ్మకంతోనే ఆయన వెళ్ళిపోయాడు. ఆయన నంబరు నా దగ్గర ఉంది. వాట్సాప్‌లో ఒక్క కాల్ చేసి "అన్నా, వేణును ఒకసారి చూడు" అంటే చాలు, ఆటోలో పది నిమిషాల్లో ఆసుపత్రి. ఐదు గంటలకు ఆయనే వెళ్ళి చూసేసరికి అయిపోయింది. ఆ రెండు గంటలూ నేను డిజైన్లు చూపిస్తూ కూర్చున్నాను. వాళ్ళు మెచ్చుకుంటే సంతోషపడ్డాను కూడా. నువ్వు వాట్సాప్‌లో ఫోన్ చేసి వాడు పోయాడని చెప్పినప్పుడు, నువ్వు అడగకముందే "ఆ పొద్దు నెట్ లేదక్కా" అన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

శుక్రవారం విమానం ఎక్కుతున్నాను, అంతకు ముందు టికెట్ దొరకలేదు. శనివారం బెంగుళూరు నుంచి రైల్లో వస్తాను. స్టేషనుకు ఎవరినీ పంపవద్దు. దినాల రోజు మీ అత్త, బావ, మల్లన్న, మన వీధివాళ్ళు అందరూ ఉన్నప్పుడు ఇదంతా నేనే చెబుతాను. నాకు నోరు రాకపోతే ఈ కాగితం నువ్వు చదువు. ఒక్క మాట కూడా దాటేయకుండా చదువు. చిన్నప్పటి నుంచి నేను చేసిన తప్పులు నీ మీద వేసుకొని నాయనతో దెబ్బలు తిన్నావు. ఇది మాత్రం వేసుకోవద్దు. తర్వాత నువ్వు నాతో మాట్లాడినా, మాట్లాడకపోయినా నాకు న్యాయమే.

నువ్వు పెనుకొండలో ఉన్నావు అక్కా. వాని ఎదురుగా ఉన్నది నేను.

ఇట్లు,
నీ చెల్లెలు,
మంజుల