రఫీ రాసిన కొత్త రూల్స్

డేవిడ్,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఇప్పుడు చెప్పబోయే సంగతి తెలిసి ఉంటే నాతో వారం రోజులు మాట్లాడేవాడివి కాదు. ఆదివారం చర్చి అయ్యాక మనం ఆడుకునే కోట ఆటకు ఏఎస్ పేట రఫీ కొత్త రూల్స్ రాశాడు.

నువ్వు కథ చెబుతుంటే మేం తలా ఒక సిపాయిగా ఉదయగిరి కోట ఎక్కేవాళ్లం. అరగదీసిన చింతగింజలు వేసి, బతికామో చచ్చామో తేల్చుకునేవాళ్లం. ఆ రూల్స్ సగం నీ నోట్‌బుక్కులో, సగం నీ తలలో ఉండేవి. రఫీ మాత్రం తన రూల్స్ కాగితం మీద పెట్టి, ఆత్మకూరు వెళ్లి అందరికీ జెరాక్స్ తీయించుకొచ్చాడు. నీ చోటులోనే కూర్చుని కథ చెబుతున్నాడు. నీకంటే బాగా చెబుతున్నాడని మన సుబ్బయ్య అంటే నాకు ఒళ్లు మండింది.

"పాత రూల్సుకు ఏమైందిరా?" అన్నాను.

"దాంట్లో చచ్చినోడు ఆట అయిపోయేదాకా గోడకానుకోని చూస్తా ఉండాల. దీంట్లో మూడుసార్లు తన వంతు వదిలేసి ఆగితే మళ్లా లేస్తాడు" అన్నాడు సుబ్బయ్య.

అందుకే అందరూ కొత్త రూల్స్‌కి మారిపోయారు. నేనొక్కడినే నెల రోజులు అటు వెళ్లలేదు.

నిన్న వెళ్లాను. నా సిపాయికి నీ పేరు పెట్టాను. మొదటి బురుజు దగ్గరే చచ్చాడు. గోడకానుకుని మూడు వంతులూ వేళ్ల మీద లెక్కపెట్టాను.

"డేవిడ్ లేచినాడు, గింజలు తీసుకో" అన్నాడు రఫీ, కాగితం మీంచి తల కూడా ఎత్తకుండా.

అంత సులువుగా ఆ మాట అనగలిగినందుకు వాడంటే నాకు ఇంకా కుళ్లుగానే ఉంది.