గండం తీసుకెళ్లే చేపలు

జూన్ 15, ఆదివారం

తొట్టె వచ్చింది. ఆరడుగుల పొడవు. ఖమ్మం నుంచి దమ్మపేట దాకా ట్రాలీ ఆటోలో వరిగడ్డి మీద పడుకోబెట్టి తెచ్చారు, బాలింతను తెచ్చినట్టు. దించడానికి నలుగురు పట్టారు. ఈయన గుమ్మంలో నిలబడి మెల్లగా, మెల్లగా అని అరుస్తుంటే నా గుండె జారిపోయింది. తొట్టె పగులుతుందని కాదు. అరవొద్దని డాక్టర్ చెప్పాడు. మెట్లెక్కొద్దు, బరువెత్తొద్దు, పామాయిల్ తోట వైపు అసలు వెళ్లొద్దు. చిన్నప్పుడు వచ్చిన కీళ్లజ్వరం గుండెలో వాల్వ్‌ను పాడుచేసిందట. నలభై ఆరేళ్లు వచ్చాక ఇప్పుడు బయటపడింది. వాల్వ్ మార్చాలి.

తోట లేకపోతే ఈ మనిషి ఇంట్లో ఏం చేస్తాడు? పెద్ద ఆక్వేరియం కావాలన్నాడు. చేపల్ని చూస్తూ కూర్చుంటాడట. సరే అన్నాను. ఏనుగును కొంటానన్నా సరే అనేదాన్నే.

జూన్ 16

పెద్ద గొడవ. నీళ్లతో కలిపి అర టన్ను దాటుతుంది, లోపలి గోడకు ఆనించి పెడదాం, ఎండ పడకూడదు అన్నాను. అత్తయ్య ఈశాన్యం అన్నారు. ఈశాన్యంలో కిటికీ ఉంది, నాచు పడుతుంది అన్నాను. నాచు కడుక్కోవచ్చు, వాస్తు కడుక్కోలేం అన్నారు. ఈయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మొహం తెల్లగా పాలిపోతోంది. నోరు మూసుకుని ఈశాన్యంలోనే పెట్టించాను.

వెల్డింగ్ షాపువాడి స్టాండు ఒక పక్కకు ఒరిగింది. మేస్త్రీ దగ్గర రసమట్టం తెచ్చి నేనే చూశాను. ఒక కాలు కింద రబ్బరు ముక్క, పైన థర్మోకోల్ షీటు. పిల్లలకు ఫిజికల్ సైన్స్ చెప్పేదాన్ని, ఈమాత్రం తెలుసు.

జూన్ 18

మా స్కూల్లో లెక్కల సారు పూల్‌సింగ్ వాళ్ల ఊరు కారేపల్లి దగ్గర. తొట్టె అడుగున పరచడానికి అడగ్గానే రెండు బస్తాల తెల్లరాళ్లు తెచ్చి ఇచ్చాడు. మా దిక్కు గివే ఉంటయ్ మేడం, కడిగేస్తె మల్లెపూలే అన్నాడు. నిజమే. నీలం కాగితం ముందు పరిస్తే ఇల్లంతా వెలుగు వచ్చింది. రాళ్ల సెలెక్షన్ నాదే అని ఈయనతో రెండుసార్లు చెప్పుకున్నాను.

జూన్ 19

బోరు నీళ్లు నింపాం. ఫిల్టర్ తిరుగుతోంది. కొన్ని వారాలు చేపలు వేయకుండా తిప్పాలి, మంచి బ్యాక్టీరియా పుట్టాలి అని వీడియోల్లో అందరూ చెబుతున్నారు. ఈయనకు చెప్పాను.

"అన్ని వారాలు నా దగ్గర ఉన్నాయో లేవో ప్రసూనా" అన్నాడు, నవ్వుతూనే.

వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

జూన్ 22, ఆదివారం

చేపలు వచ్చేశాయి. ఏంజెల్స్ ఆరు, నలుపూ వెండీ చారలవి. ఇంకా ఒక ఎర్ర పారట్, అరచేతి అంత. మూతి చిలక ముక్కులా ఉంటుంది. కవర్లను కాసేపు నీళ్ల మీద తేలనిచ్చి వదిలాం. అత్తయ్య అద్దానికి పసుపూ కుంకుమా పెట్టారు. పారట్ కాసేపు మూలన నక్కి, తర్వాత ఈయన వేలు ఎటు జరిపితే అటు రావడం మొదలుపెట్టింది. ఈ నెలలో ఆయన గట్టిగా నవ్వడం ఇవాళే చూశాను.

జూన్ 25

ఒక ఏంజెల్ చచ్చిపోయింది. పొద్దున లేచేసరికి వెల్లకిలా తేలుతోంది.

ఈయనకు మొన్నటి నుంచి జ్వరం. పంటి చిగురు వాచింది. ఇన్ఫెక్షన్ ఉంటే ఆపరేషన్ చేయరు. సాయంత్రానికి జ్వరం దిగింది. యాంటీబయాటిక్ పనిచేసింది. అత్తయ్య మాత్రం చేపే తీసుకెళ్లిందన్నారు. ఇంట్లో చేప పోతే ఇంటి మీదికొచ్చిన గండం దాంతో పోయినట్టేనట. మనవాళ్లు కోస్తా నుంచి ఈ అడవి అంచుకు వచ్చి తోటలు వేశారు, కోట్లు గడించారు, ఈ మాట మాత్రం మూటలో కట్టుకుని తెచ్చుకున్నారు. అలా అయితే డాక్టర్లెందుకు, చెరువు తవ్విద్దాం అన్నాను. ఆమెకు కోపం వచ్చింది.

జూన్ 27

ఇంకో రెండు పోయాయి. ఈయన తొట్టె ముందు నుంచి కదలడం లేదు. చూడలేకపోతున్నాను.

ఖమ్మం నుంచి ఎకో రిపోర్టు వచ్చింది. ఊపిరితిత్తుల ప్రెషర్ తగ్గింది, ఆపరేషన్‌కు పనికొస్తాడు అన్నారు. అత్తయ్య తొట్టెకు దణ్ణం పెట్టుకున్నారు. దేవుడికి కాదు. తొట్టెకు.

జూన్ 28

తప్పు నాదే. టెస్ట్ కిట్ తెప్పించి చూస్తే పీహెచ్ ముదురు నీలం, అంటే క్షారం ఎక్కువ. అనుమానం వచ్చి స్కూలు ల్యాబ్ నుంచి యాసిడ్ తెచ్చి తెల్లరాయి మీద రెండు చుక్కలు వేశాను. బుసబుసమని పొంగింది. డోలమైట్, సున్నపురాయి లాంటిది. కారేపల్లి దిక్కు గనులే ఉన్నాయి. కార్బనేట్ల పాఠం ఏటా నేనే చెబుతాను. నా చదువు తగలెయ్య.

చేప వ్యర్థాల్లోంచి అమ్మోనియా పుడుతుంది, ఇలాంటి నీళ్లలో అది విషం. రాళ్లన్నీ తీసి పడేశాను. సగం నీళ్లు మార్చాను. ఈయన సోఫాలో కూర్చుని సలహాలిచ్చాడు. పూల్‌సింగ్‌కు ఫోన్ చేస్తే పాపం నొచ్చుకున్నాడు. నీ తప్పు కాదయ్యా అని సర్దిచెప్పాను.

జూలై 4

నీళ్లు బాగున్నాయి. వారంగా ఒక్కటీ పోలేదు. ఆపరేషన్ 17న.

పొద్దున అత్తయ్య తొట్టె ముందు నిలబడి ఒక్కటీ పోలేదేంటి అమ్మాయ్ అని అడిగారు. బాగున్నాయిగా అన్నాను. ఆమె మొహంలో సంతోషం లేదు.

జూలై 8

యాంజియోగ్రామ్‌కు ఖమ్మం వెళ్లొచ్చాం. రక్తనాళాల్లో అడ్డేమీ లేదు. ఇంటికొచ్చేసరికి ఒక ఏంజెల్ చచ్చి ఉంది. నీళ్లు టెస్ట్ చేశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నాకు అర్థం కావడం లేదు.

జూలై 11

పన్ను పీకించాం. రక్తం పలచబడే మందు వారం ముందే ఆపించినా రక్తం ఆగలేదు. దూది మీద దూది. చివరికి ఆగింది.

ఇంట్లో మళ్లీ ఒక చేప పోయింది. మొప్ప కింద ఎర్రగా ఉంది. రోగమేదో తగులుకుందనుకుని నెట్‌లో వెతికాను. ఈయన బెంగపెట్టుకున్నాడు. నా చేతిలో ఏదీ బతకదు అన్నాడు. ఆ మాట పళ్ల మధ్య రాయిలా ఉంది నాకు.

జూలై 14

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

బట్టలు సర్దాలని మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చాను. ఈయన నిద్రపోతున్నాడు. పూజ గదిలో అత్తయ్య నా వైపు వీపు పెట్టి కూర్చున్నారు. ముందు ఇత్తడి పళ్లెం. పళ్లెంలో ఏంజెల్. దాని మీద కుంకుమ. అది ఎగిరిపడుతోంది, అత్తయ్య ఎడమ అరచేత్తో మెత్తగా నొక్కి పట్టుకున్నారు. పెదాలు కదులుతున్నాయి. కొడుకు పేరు, నక్షత్రం, మళ్లీ పేరు.

మొప్ప కింద ఎరుపు రోగం కాదు. కుంకుమ. చచ్చాక కడిగి మళ్లీ నీళ్లలో వేస్తున్నారు. మనం చూసి తేలిందనుకోవాలని.

పళ్లెం లాక్కున్నాను. ఏమన్నానో అన్నీ గుర్తులేవు. మీరు మనిషేనా అన్నాను. ఆయన ప్రాణం పెట్టుకున్న వాటిని ఆయన ఇంట్లోనే చంపుతారా అన్నాను. ఆమె గొంతు పెంచలేదు. కళ్లు తుడుచుకోలేదు కూడా.

"నాకు నా కొడుకు కావాలమ్మాయ్. నీకు చేప కావాలా?"

ఏంజెల్‌ను నీళ్లలో వదిలాను. పక్కకు ఒరిగి అడుగుకు పోయింది. లేవలేదు. ఇప్పుడు ఎర్ర పారట్ ఒక్కటే మిగిలింది. చేపలు పట్టే వలను నా బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఈయన లేచి అడిగితే బోరు నీళ్లే మంచివి కావు అని చెప్పాను. ఆపరేషన్ ముందు తల్లి గురించి ఇది ఎలా చెప్పను?

జూలై 16

ఇవాళ ఖమ్మంలో అడ్మిషన్. బయల్దేరేముందు ఈయన కుర్చీ లాక్కుని పారట్ ముందు కూర్చున్నాడు. కారు హారన్ కొట్టినా లేవలేదు. తన చేత్తో మేత వేశాడు. దీన్నైనా కాపాడండి అని మా ఇద్దరికీ కలిపి చెప్పాడు. అత్తయ్య తల ఊపారు. ఆమెను మాతోనే తీసుకెళ్తానని పట్టుబట్టాను. ఎందుకో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. మేత వేయమని తోట కాపలా పోతయ్యకు చెప్పాను.

జూలై 17, ఉదయం 8

లోపలికి తీసుకెళ్లారు.

మధ్యాహ్నం 12

ఏమీ చెప్పడం లేదు. మరిది అనిల్ కారిడార్ కొలుస్తున్నాడు.

3

వాల్వ్ పెట్టారు. గుండెను మళ్లీ నడిపించారట. సర్జన్ ఆ మాట ఎంత మామూలుగా అన్నాడో! ఆయన కాళ్లకు దణ్ణం పెట్టబోతే వెనక్కి జరిగాడు. అత్తయ్య, నేను ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. మూడు రోజుల తర్వాత ఆమెను ముట్టుకున్నాను.

జూలై 19

వెంటిలేటర్ తీసేశారు. మాట్లాడాడు. రేపు రూముకు మారుస్తారట. స్నానం చేసి ఒక పూట పడుకుని రండి వదినా, నేనుంటాను అని అనిల్ మా ఇద్దరినీ పంపించేశాడు.

జూలై 20, ఆదివారం

ఇల్లు. పారట్ బతికే ఉంది. నన్ను చూసి అద్దం దగ్గరకు వచ్చింది. మేత వేశాను. ఫొటో తీసి ఈయనకు చూపించాలి. అత్తయ్య ఇడ్లీ పెట్టి ఇచ్చారు. తిన్నాను. సారీ చెప్పాలనిపించింది, ఎవరు ముందు చెప్పాలో తెలియలేదు.

అదే రోజు

అనిల్ ఫోన్. రాత్రి నుంచి ఆయాసం, పొద్దున బీపీ పడిపోయింది. గుండె చుట్టూ రక్తం చేరిందట. మళ్లీ తెరవాలట. సంతకం పెట్టేశాను, వెంటనే రండి వదినా అంటూ వాడు ఏడ్చాడు. అనిల్ ఏడవడం నేనెప్పుడూ వినలేదు. కారు తోట నుంచి రావాలి.

కారు ఇంకా రాలేదు

అత్తయ్య గుమ్మంలో కూలబడ్డారు. జుట్టు విడిపోయింది. తొట్టె వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఆమెకు ఆ ఆలోచన రాలేదు. నాకు వచ్చింది.

బీరువా తాళం నేనే తీశాను. వల తెచ్చాను. పారట్ పారిపోలేదు. మేత అనుకుని నా చేతిలోకి వచ్చింది. అప్పుడు అత్తయ్య తలెత్తి చూశారు. లేచి వెళ్లి పళ్లెం తెచ్చారు.

మంత్రం నాకు రాదు. ఆమె ఒక్కో మాటే చెప్పారు, నేను అన్నాను. జయప్రకాశ్. రోహిణి. జయప్రకాశ్. నా అరచేతి కింద అది కొట్టుకుంటోంది, ఎంత బలమో. ఎంతసేపు అని అడిగాను. ఆగేదాకా అన్నారు.

చేతులు కడుక్కున్నాను. హారన్ వినిపిస్తోంది.

జూలై 23

రక్తం తీసేశారు. లోపల ఒక కుట్టు దగ్గర కారిందట, అంతే, దానికి కారణం ఉంది, వైద్యం ఉంది. సర్జన్ బొమ్మ గీసి చెప్పాడు. నాకు అంతా అర్థమైంది. సైన్స్ టీచర్ని.

ఇవాళ గొట్టం తీశారు. గొంతు బొంగురుపోయింది. పారట్ ఎట్లా ఉందని అడిగాడు. బాగుందన్నాను. అత్తయ్య కూడా బాగుంది నాన్నా అన్నారు.

డిశ్చార్జి లోపు అదే రంగుది, అదే సైజుది వెతకాలి. షాపుకు బయల్దేరుతుంటే అత్తయ్య లిఫ్టు దాకా వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"రెండు తీసుకో అమ్మాయ్."

సరే అన్నాను.