పులి గర్జించే చోటు

చెల్లెమ్మా,

అమ్మాయి ఇంటికి క్షేమంగా చేరాను; మోకాలి నొప్పి కూడా నాతోనే దిగింది. మూడో తరగతి మనవరాలికి మంచిదని లావుపాటి నదుల చరిత్ర పుస్తకం కొన్నాను. దాని మీదెక్కి బిస్కెట్ల డబ్బా అందుకుంది. పులి కథ తెచ్చి చదివితే, "తాతయ్యా, నీ పులి వార్తలు చదువుతోంది. అమ్మమ్మ ఉన్నప్పుడైతే నిజంగా మీదికొచ్చేది" అంది.

మీ వదిన బడిపిల్లలకు చదివిన బొమ్మల పుస్తకాలు బీరువా కింది అరలో ఉన్నాయి. పెద్ద అక్షరాలు, పేజీకి నాలుగే వాక్యాలు ఉన్నవి పంపు. ఎక్కడ గర్జించాలో, ఎక్కడ ఆగాలో తను పెన్సిల్‌తో రాసుకుంది. దుమ్ము దులుపు గాని, ఆ రాతలు చెరపకు.

వంటింటి కుళాయి కారడం ఆగిందా? బావగారికి నమస్కారాలు, నీకు ఆశీస్సులు. ఈలోగా పెరట్లో గర్జన సాధన చేస్తున్నాను. అల్లుడు దగ్గు మందు తెచ్చాడు.

నీ అన్నయ్య