బరువు పాఠంలో కొట్టేసిన వాక్యం

అన్నకు, ప్రభువు పేరిట నీ చెల్లెలు సుజాత వందనాలు. నేను బాగానే ఉన్నాను, ఫికర్ చేయకు. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? పెద్దమ్మ మందులు సరిగ్గా వేసుకుంటోందా? ఇక్కడ కూకట్‌పల్లి హాస్టల్ గదిలో ఒకటే ఉక్కపోత. కూరల్లో కారమే ఉండదు. బంద్ రోజుల్లో బస్సులుండవు, మాట్లాడే మనిషీ ఉండదు. అయినా బాగానే ఉన్నాను. ఇటు వచ్చేవాళ్ళుంటే కారప్పొడి పంపు.

మొన్న ఆఫీసులో ఒకడి మీద పగ తీర్చుకున్నాను. నీకు నచ్చదని తెలిసే రాస్తున్నాను.

మాదాపూర్‌లో మేం బడిపిల్లలు కంప్యూటర్‌లో చూసి వినే సైన్సు పాఠాలు తయారుచేస్తామని చెప్పాను కదా. ఎలక్ట్రాన్ లాంటి మూలకణాలకు బరువెలా వచ్చిందో నేనొక పాఠం రాశాను. ద్రవ్యరాశి అనాలి, నీకోసం బరువంటున్నాను. లోకమంతా ఒక క్షేత్రం పరుచుకుని ఉంటుంది, దానితో ఎంత గట్టిగా ముడిపడితే కణానికి అంత బరువు. మ్యూఆన్ అనే కణం మిగతా అన్నింటిలో ఎలక్ట్రాన్ లాంటిదే, బరువు మాత్రం రెండు వందల రెట్లకు పైగా. ఆ ముడి ఒకదానికి వదులుగా, ఇంకోదానికి బిగువుగా ఎందుకుందో ఇప్పటికీ ఎవరికీ తెలియదని చివర రాశాను.

మా టీమ్ లీడ్ ప్రసాద్ ఆ చివరి వాక్యం కొట్టేశాడు. "తెలియదని రాస్తే స్కూళ్ళవాళ్ళు ఊరుకుంటారా? పెద్ద కణం కాబట్టి బరువెక్కువ అని రాసెయ్" అన్నాడు. పాఠం మీద తన పేరు పెట్టుకున్నాడు. "రికార్డింగ్‌లో చదవడం కూడా నేనే చదువుతాలే. నీ యాసలో సైన్సు చెబితే పిల్లలు నవ్వుతారు" అన్నాడు. బయట తెలంగాణ కోసం జనం రోడ్ల మీద కూర్చుంటే, లోపల నాకు ఈ మాట! ఒళ్ళు మండిపోయింది అన్నా.

అతను రాసింది తప్పని అప్పుడే చెప్పొచ్చు. చెప్పలేదు. కావాలనే నోరు మూసుకున్నాను.

బంద్‌కిచ్చిన సెలవుకు బదులు మాకు శనివారం పని. ఆ రోజు పాఠాలు చూడటానికి రిటైరైన ప్రొఫెసర్ గారొకరు వచ్చారు. ప్రసాద్ పాఠం చదివి వినిపించాడు. నేను లేచాను.

"సార్, మ్యూఆన్ పెద్దగుంటదా? ఎంత పెద్దగ?"

ప్రసాద్ కాగితం తిరగేశాడు. "అదీ... రెండు వందల రెట్లు అండి."

ప్రొఫెసర్ గారు కళ్ళద్దాలు తీశారు. "ఆ రెండిట్ల దేనికీ సైజున్నట్టు ఇప్పటిదాక ఎవలూ చూడలే. ఎవలు రాసిన్రు ఇది?"

"పాఠం నేను రాసిన సార్. ఆ ముక్క ఆయనది" అని నా మొదటి కాగితం ఆయన ముందు పెట్టాను.

"మరి బరువుల్ల గింత తేడా ఎందుకమ్మా?"

"ఎవలకూ తెల్వదు సార్."

"గదే ఉండాలె. చదువుడు గూడ నువ్వే చదువు" అన్నారు.

సోమవారం రికార్డింగ్. మీట నొక్కింది ప్రసాదే. ఆ చివరి వాక్యం దగ్గర కావాలనే నాలుగుసార్లు తడబడ్డాను. నాలుగుసార్లూ "మళ్ళీ చదవండి" అన్నాడు, మొహం మాడ్చుకుని. నాకు జాలి కలగలేదు. హాయిగా అనిపించింది.

క్షమించమని రాస్తావు, తెలుసు. పెద్దలందరికీ నా వందనాలు చెప్పు, పిల్లలకు ముద్దులు. ఆదివారం ప్రార్థనలో నన్ను తలుచుకో. క్షమించే మనసు మాత్రం నాకోసం ఇప్పుడే అడగకు, అన్నా. నేను రాసి, అతను పేరు పెట్టుకున్న పాఠాలు ఇంకా రెండున్నాయి.

నీ దీవెనలు కోరే
సుజాత