గుప్పిట్లో వెలుగు

స్కానింగు గది మేడమ్‌గారికి,
కోపంగా ఉన్నా నమస్కారం పెట్టి, లేత్ మిషన్ కార్మికుడు రాస్తున్నది.

మా నాన్న దర్జీ. గడ్డ ఉన్నది ఆయన కుడి మోకాల్లో. మీ ఫోటోలో మందు వెలుగుతున్నది ఎడం అరచేతిలో. అరచేతికేం రోగం? మీరిచ్చిన పుస్తకం నాలుగుసార్లు చదివాను. మందు మోసే ఇనుప రేణువు వెంట్రుక మందంలో వెయ్యోవంతట. నెత్తురులో ప్రయాణించి, మోకాలికి కట్టిన అయస్కాంతం దగ్గర ఆగుతుందట. ఆగిందా? మేం వెంట్రుకవాసి తప్పితే మేస్త్రీ ఆ ముక్క మా మొహాన కొడతాడు. మీరు మూరెడు తప్పారు! ఇంకొక్క డోసే ఉందన్నారు. అదీ దారి తప్పితే మోకాలు కోస్తారట. ఆయన కుట్టుమిషన్ తొక్కేది ఆ కాలితోనే.

ఇట్లు,
మండిపోతున్న కొడుకు

తా.క.: అరచేయి మాత్రం దివ్యంగా ఉంది. సంతోషమా?

*

లేత్ బాబుకి,
మీ ఉత్తరం గదిలో అందరం చదివాం. కాగితం ఇంకా వేడిగానే ఉంది.

పట్టీ సరిగ్గానే కట్టాం. రేణువులు ఇంకోచోట ఆగాయంటే అక్కడ ఇంకో అయస్కాంతం ఉండాలి. నాన్నగారి దగ్గర ఉందా? వార్డుకెళ్లి అడిగితే ఆయన పైకప్పు చూస్తున్నారు.

ఇట్లు,
స్కానింగు మేడమ్

తా.క.: ఇంజక్షనప్పుడు ఎడం గుప్పిట విప్పలేదు. భయమనుకున్నాం.

*

మేడమ్‌గారికి,
ఈసారి నమస్కారం సగమే.

తప్పు మీది, నింద మా నాన్న మీదా? నలభై ఏళ్లలో ఒక్కరి గుడ్డముక్క మిగుల్చుకోని మనిషి! ఆయన దగ్గర అయస్కాంతాలూ గియస్కాంతాలూ లేవు.

ఇట్లు,
ఇంకా మండిపోతున్న కొడుకు

తా.క.: ఒకటుంది. కిందపడ్డ సూదులు ఏరుకోడానికి. పాడైన మోటారులోంచి తీసి, ఇత్తడి తొడుగు నేనే లేత్ మీద చేసి, మొదటి జీతం రోజున ఇచ్చాను. సూదులేరేదానికీ మందుకీ సంబంధమేంటి?

కవరు వెనక: అర్థమైంది. అంటించేశాక అర్థమైంది.

*

కోపిష్టి బాబుకి,
రెండో డోసు నిన్న ఇచ్చాం. ముందుగా గుప్పిట విప్పమన్నాం.

"అమ్మా, నేను గుచ్చే సూదంటే సరే, నన్ను గుచ్చేదంటే భయం. ఇది పట్టుకుంటే మావాడు పక్కనున్నట్టుంటుంది. వదల్ను" అన్నారు మీ నాన్నగారు.

వాదించి లాభం లేక మా అయస్కాంతం తీసేసి, మీరిచ్చినదాన్నే ఆయన మోకాలికి కడతామంటే అప్పుడు విప్పారు; కట్టాం. ఖాళీ అయిన గుప్పిట నర్సమ్మ పట్టుకుంది. ఫోటో పంపుతున్నాం, చూడండి. వెలుగంతా గడ్డ మీదే. ఇక కోత అక్కర్లేదని డాక్టరుగారి మాట.

ఇట్లు,
మేడమ్

తా.క.: కొలిచి చూశాం. మీది మాదానికన్నా రెండింతలు గట్టిది. అలాంటివి నాలుగు చేసి పంపండి. వెంట్రుకవాసి తేడా వచ్చినా మీ మొహాన కొడతాం.