నాయన మైకులో ‘అవసరం లేదు’

అక్టోబరు 12
పోలీసు ఆఫీసు నుంచి ఫోను. ఇరవయ్యొకటిన అమరుల దినం పరేడులో నాయన గురించి నేను రెండు నిమిషాలు మాట్లాడాలట. నాయన పోయి నాలుగేళ్లు... ఏటా వెళ్తాం, పూలు పెడతాం, ఏడ్చి వస్తాం. అమ్మ ఈసారి ముందే తేల్చేసింది — “నేను రాను పాపా. ఆడ మీ నాయన ఉత్త ఫోటో అయిపోయినాడు.”

అక్టోబరు 13
అమ్మ రాకపోతే నేనూ మాట్లాడను. అంతే.

అక్టోబరు 15
ప్రసంగం వాళ్లే రాసి పంపారు. “కర్తవ్య నిర్వహణలో అసువులు బాసిన...” రెండు పేజీలు! బ్రేకులు పోయిన లారీ మీదికొస్తుంటే, రోడ్డు దాటుతున్న ముసలామెను పక్కకు తోసి తాను చిక్కుకున్నాడు — రాశారు, సరే. అది ఒక్క క్షణం. మిగతా బతుకంతా ఏమైంది? ఇంట్లో అన్నం తిననిచ్చేవాడా, నవ్వించి పొలమార్చేవాడు కదా!

అక్టోబరు 16
గిన్నెలు కడుగుతుంటే గుర్తొచ్చింది. ఒక్కదాన్నే పకపకా నవ్వాను. మంత్రిగారి కారు!
అలిపిరి దగ్గర ట్రాఫిక్ ఎస్సై నాయన, చేతిలో మైకు. బస్సెడు భక్తులు రోడ్డు దాటుతున్నారు. వెనక మంత్రిగారి కారు ఒకటే హారన్. నాయన ఎంతో మర్యాదగా, మైకులో — “సార్, అవసరం లేదు సార్! అవసరమే లేదు!”
మా చిత్తూరులో అవసరమంటే తొందర. తమిళం నుంచి మా నోళ్లలో పడిన మాట. మంత్రిగారిదేమో కోస్తా. నడిరోడ్డు మీద తాను అక్కర్లేదన్నట్టు విన్నారు. జనం చప్పట్లు!
మర్నాడే మెమో. నాయన సంజాయిషీ — “అవసరం లేదన్నది మంత్రిగారిని కాదు, వారి హారన్‌ను.” డీఎస్పీ అది చదివి, నవ్వు ఆపుకోలేక తలుపేసుకున్నారట.

అక్టోబరు 18
కాగితం చదవను, మైకు కథే చెప్తానన్నాను. అమ్మకు ఒళ్లు మండింది. “సచ్చిపోయినోళ్ల కాడ నవ్వులాటనా?”
“నీకు నవ్వు రాలేదా ఆ రోజు?”
వంటింట్లోకి వెళ్లిపోయింది.
అమ్మ నవ్వు విని నాలుగేళ్లు. నాకు కావాల్సింది అదొక్కటే. ఆఫీసువాళ్లు ఏమన్నా అనుకోనీ.

అక్టోబరు 20
అమ్మ చీర ఇస్త్రీ చేస్తోంది. నేను అడగలేదు. అడిగితే మానుకుంటుందని భయం.

అక్టోబరు 21
వచ్చింది!
తుపాకుల వందనం, పేర్లు చదవడం అయ్యాక నన్ను పిలిచారు. మైకు కథే చెప్పేశాను. ఒక్కరూ నవ్వలేదు... అయిపోయాను అనుకున్నాను. ఇంతలో వెనక నుంచి ఒక ముసలి హెడ్ కానిస్టేబుల్ — “నిజమేనబ్బా! ఆ పొద్దు నేను ఆడనే ఉండినాను!” అంతే, వరసలు వరసలే నవ్వు. పెద్ద ఆఫీసర్లు కూడా టోపీలు సర్దుకుంటూ.
అమ్మ వైపు చూశాను. కొంగు నోటికి అడ్డం, భుజాలు కదులుతున్నాయి. ఏడిపించానా?
కాదు. నవ్వుతోంది.

అదే రోజు, మధ్యాహ్నం
ఆటోలో అమ్మ — “మైకు కత ఏమంత గొప్ప? పెండ్లిసూపులకొచ్చి మీ నాయన ఏం సేసినాడో తెలుసునా?”
తెలీదు! చెప్పమ్మా!
“పుత్తూరులో బస్సు దిగినాడా... మా ఇల్లనుకోని...”
మళ్లీ నవ్వు. కళ్ల వెంట నీళ్లు. ఆటోవాడు వెనక్కి తిరిగి మరీ చూస్తున్నాడు. ఇల్లు చేరాం, అన్నాలు తిన్నాం. మూడుసార్లు మొదలుపెట్టింది, మూడుసార్లూ “మా ఇల్లనుకోని” దగ్గరే ఆగిపోయింది.
ఎవరింట్లో దూరావు నాయనా...